సామాను దగ్గర నిలిచినవారి వంతు

మిషనరీల సంగతులు మన సంఘాల్లో తరచుగా చెప్పుకుంటాం. ఫలానా దైవజనుడు ఏ దేశం వెళ్లాడు, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చాడు, బైబిలును ఏ భాషలోకి తెచ్చాడు అని ఆదివారపు బడిలో పిల్లలకు కూడా నేర్పుతాం. ఆయన ప్రయాణంలో ఉన్న నెలల్లో ఇంటి దగ్గర ఎవరున్నారు, పిల్లల జ్వరానికి రాత్రంతా ఎవరు కూర్చున్నారు, గోధుమపిండి ఎక్కడి నుంచి వచ్చింది, సబ్బు ఎవరు కాచారు అనే సంగతులు మాత్రం మన ప్రసంగాల్లోకి రావు. అవి చిన్న విషయాలని అనుకుంటాం. మిషను చరిత్రను దగ్గరగా చదివితే మాత్రం పరిచర్య భారంలో పెద్ద భాగం ఆ చిన్న విషయాల మీదే ఆనుకొని ఉన్నట్టు కనిపిస్తుంది.

అందుకు ఒక మంచి ఉదాహరణగా దక్షిణాఫ్రికాలోని కురుమాన్ మిషను ఇంటిని, దానికి ఉత్తరాన నేటి బోట్స్వానాలో ఉన్న కొలొబెంగ్ ఇంటిని ఈ వారం మా పాఠకుల ముందు పెడుతున్నాం. మొదటిది రాబర్ట్ మొఫాట్, మేరీ మొఫాట్ గార్ల ఇల్లు. రెండవది వారి పెద్ద కుమార్తె మేరీ, అల్లుడు డేవిడ్ లివింగ్‌స్టన్ గార్ల ఇల్లు. తల్లి పేరూ కూతురి పేరూ ఒకటే కాబట్టి, ఈ వ్యాసంలో తల్లి మేరీ, కూతురు మేరీ అని రాస్తున్నాం.

ఈ రెండు కుటుంబాలనూ పంపినది లండన్ మిషనరీ సొసైటీ. ఈ పేరు మనకు కొత్త కాదు. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ గార్లను విశాఖపట్నానికి పంపినది ఆ సొసైటీయే. క్రాన్ గారు 1809లో, డి గ్రాంజెస్ గారు 1810లో మన గడ్డ మీదనే కన్నుమూశారు.

తోటమాలి, తోట యజమాని కూతురు

రాబర్ట్ మొఫాట్ 1795లో స్కాట్లాండులో పుట్టారు. వృత్తి తోటపని. ఇంగ్లండులో డకిన్‌ఫీల్డు అనే ఊళ్లో ఒక నర్సరీలో పనిచేస్తున్నప్పుడు, ఆ యజమాని కుమార్తె మేరీ స్మిత్‌తో పరిచయమైంది. 1816లో ఆయన ఒంటరిగా ఓడ ఎక్కారు. కూతురిని అంత దూరం పంపడానికి మేరీ తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఆమె వారిని ఎదిరించి వెళ్లిపోలేదు, ఆశ వదులుకోనూ లేదు. రెండేళ్లకు పైగా వేచి ఉన్న తరువాత వారి మనసు మారింది. 1819 డిసెంబరు 27న కేప్‌టౌన్‌లో వివాహం జరిగింది. ఆ తరువాత ఎడ్లబండి మీద వారాల తరబడి ప్రయాణం చేసి కలహారి ఎడారి అంచుకు చేరారు. 1821 ఏప్రిల్‌లో పెద్ద కుమార్తె పుట్టింది.

అక్కడి బట్స్వానా ప్రజలు జొన్న పండించుకొని, పశువులను మేపుకొని బతికేవారు. జొన్నపిండితో చేసే సంకటి, పులిసిన పాలు వారి ఆహారం. వానలు తక్కువ. మొదట్లో మిషను తోటకు నీళ్లు కాలువ ద్వారా చాలా దూరం నుంచి రావలసి ఉండేది. పై ఊరి స్త్రీలు తమ మడులకు ఆ నీళ్లు మళ్లించుకునేవారు. మొఫాట్, ఆయన తోటి సేవకుడు రాబర్ట్ హామిల్టన్ రాత్రివేళ పారలు పట్టుకొని వెళ్లి మళ్లీ కట్ట వేసుకొని వచ్చేవారు. వంతు నీళ్ల తగాదా తెలిసిన మన రైతు కుటుంబాలకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. మొఫాట్ గారు దీన్ని ఒక కష్టంగా రాసుకున్నారు. ఆ స్త్రీల వైపు నుంచి చూస్తే ఆ నేలా నీళ్లూ తమవే. పిలవకుండా వచ్చిన పరదేశి తవ్విన కాలువ అది. ఈ రెండో మాట కూడా మిషను చరిత్రలో చేరవలసినదే.

1824లో మిషనును కురుమాన్ ఊట దగ్గరికి మార్చారు. "కన్ను" అని పేరున్న ఆ ఊటలో రోజుకు దాదాపు 2 కోట్ల లీటర్ల నీరు ఉబుకుతుంది. అక్కడ తోటమాలి మొఫాట్ చేతులకు పని దొరికింది. పండ్ల చెట్లు, కూరగాయలు, గోధుమ వేశారు. రాతి ఇల్లు లేచింది. 1838లో రాతి గోడలతో, గడ్డి కప్పుతో పెద్ద దేవాలయాన్ని ప్రతిష్ఠించారు. దాని దూలాలు వందల కిలోమీటర్ల దూరం నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చాయి. ఆ దేవాలయం నేటికీ నిలిచి ఉంది.

తల్లి మేరీ దినచర్య

తల్లి మేరీ ఇంగ్లండులోని తన వారికి రాసిన ఉత్తరాల్లో ఇంటి సంగతులు దాచకుండా చెప్పేవారు. ఒక ఉత్తరంలో, వారానికి ఒకసారైనా ఇంట్లోని గదుల నేలలన్నీ ఆవుపేడతో అలుకుతామని రాశారు. మొదట చూసినప్పుడు ఆమెకు రోత పుట్టింది. కొంతకాలానికే దుమ్ము అణగడానికీ గోమార్లు చావడానికీ అంతకు మించినది లేదని తెలిసి, అలికే శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశారు. మన అమ్మమ్మలు శనివారం సాయంత్రం ఇల్లు అలికి, ముగ్గు పెట్టి, ఆదివారపు ఆరాధనకు సిద్ధపడిన రోజులు గుర్తున్నవారికి ఈ ఉత్తరం దగ్గరి బంధువు రాసినట్టే ఉంటుంది. స్థానిక స్త్రీల దగ్గర ఒక పని నేర్చుకోవడానికి ఆమె తగ్గించుకున్నారు. మిషనరీ నేర్పడానికి ముందు నేర్చుకోవాలనే పాఠం ఆ ఇంట్లో నేల మీదనే మొదలైంది.

వంటగది ఎప్పుడూ ఆమె సొంతం కాలేదు. ఊరి స్త్రీలు ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి కూర్చునేవారు. ఒకసారి ఆరాధనకు వెళ్తూ తలుపు వేసుకోవాలి, బయటికి రమ్మని ఒక స్త్రీని అడిగితే, ఆమె కట్టె ఎత్తి విసరబోయింది. మేరీ వంటగదిని ఆమెకే వదిలి వెళ్లిపోయారు. తాళం లేని ఇంట్లో, పాలు తాగే బిడ్డతో, భాష పూర్తిగా రాని చోట ఆ తల్లి అనేక నెలలు ఒంటరిగా గడిపారు.

భర్త ఇంట్లో లేకపోవడం ఆ కుటుంబానికి అలవాటు. 1824లో రాబర్ట్ ఉత్తరాన మరొక రాజు దగ్గరికి వెళ్లినప్పుడు, దాడి చేసే గుంపులు ఊరి మీదికి వస్తున్నాయనే వార్త వచ్చింది. పసిపిల్లలతో మేరీ ఆ రాత్రులు గడిపారు. 1827లో సెట్స్వానా భాష సరిగా పట్టుబడాలని ఆయన వారాల తరబడి ఊళ్లలోకి వెళ్లి ప్రజల మధ్యనే నివసించారు. డచ్చి భాషలో మాట్లాడి, దుబాసీ చేత చెప్పించే ప్రసంగం హృదయాలకు తగలడం లేదని ఆయన గ్రహించారు. ఆ నిర్ణయం వల్లనే తరువాత బైబిలు వచ్చింది. ఆ వారాల్లో ఇల్లు, పిల్లలు, పశువులు, తోట అన్నీ మేరీ చేతుల మీద ఉన్నాయి. 1829 మొదలుకొని ఎంజిలికాజీ రాజు దగ్గరికి ఆయన ఐదు ప్రయాణాలు చేశారు. అన్నీ దూర ప్రయాణాలే.

ఫలం కనబడని సంవత్సరాల్లో ఆమె విశ్వాసాన్ని చూపే సంగతి ఒకటి ఉంది. ఇంగ్లండులోని ఒక స్నేహితురాలు, మీకు పనికివచ్చేది ఏదైనా పంపమంటారా అని అడిగింది. అప్పటికి కురుమాన్‌లో బాప్తిస్మం పొందినవారు ఒక్కరూ లేరు. మేరీ ప్రభువు బల్లకు కావలసిన పాత్రలు పంపమని, ఏదో ఒక రోజు అవసరమవుతాయని జవాబు రాశారు. ఉత్తరాలకూ సామానుకూ నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పట్టే కాలమది. 1829లో మొదటి ఆరుగురు బాప్తిస్మం తీసుకొని బల్ల దగ్గరికి రావడానికి సరిగ్గా ముందు రోజున ఆ పాత్రలు కురుమాన్ చేరాయి.

ఆ తరువాత మేరీకి పని పెరిగింది. స్త్రీలకు కుట్టుపని నేర్పారు. చదువు నేర్చినవారు రాత్రి చదువుకోవడానికి కొవ్వొత్తులు పోసుకోవడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆ కొవ్వును ఒంటికి రాసుకునేవారు. ఒక అక్షరం ఇంట్లోకి వస్తే దీపం కూడా వస్తుందని మొఫాట్ గారు సంతోషంతో గమనించారు. అయితే ఆ కాలపు మిషనరీలు తమ దేశపు బట్టలను సువార్తలో భాగంగా భావించిన సందర్భాలూ ఉన్నాయి. మన దేశంలోనూ అలా జరిగింది. మేలును మేలని చెప్పాలి, కలగాపులగమైన దానిని వేరు చేసి చూడాలి.

1830లో లూకా సువార్త సెట్స్వానాలో అచ్చయింది. రాబర్ట్ కేప్‌టౌన్‌లో అచ్చుపని నేర్చుకొని, చేతితో తిప్పే యంత్రాన్ని 1831లో కురుమాన్‌కు తెచ్చారు. 1857లో పూర్తి బైబిలు ఆ యంత్రం మీదనే వెలువడింది. సహారాకు దక్షిణాన స్థానిక భాషలో పూర్తిగా అచ్చయిన తొలి బైబిళ్లలో అది ఒకటి. ఆ గ్రంథం మీద మొఫాట్ పేరు ఉంది. ఆయనకు మాట మాటకూ అర్థం చెప్పి, తప్పు పలికితే దిద్దిన బట్స్వానా స్త్రీ పురుషుల్లో చాలామంది పేర్లు మనకు మిగలలేదు.

కూతురు మేరీ ఇల్లు

కురుమాన్‌లో పెరిగిన కూతురు మేరీకి సెట్స్వానా మాతృభాషతో సమానం. 1845లో ఆమె డేవిడ్ లివింగ్‌స్టన్‌ను వివాహమాడారు. అంతకుముందు సంవత్సరం సింహం ఆయన భుజాన్ని నమిలినప్పుడు, ప్రాణానికి తెగించి కాపాడినది కురుమాన్ నుంచి వెళ్లిన మెబాల్వే అనే స్థానిక ఉపదేశి. దాని దృష్టిని తన మీదికి మళ్లించుకున్నందుకు మెబాల్వే కూడా తొడ మీద కాటు తిన్నారు. లివింగ్‌స్టన్ కథ చెప్పేవారు ఈ పేరును విడిచిపెట్టకూడదు.

1847లో ఈ దంపతులు బక్వేనా తెగ రాజైన సెచెలేతో కలిసి కొలొబెంగ్ చేరారు. లివింగ్‌స్టన్ తన గ్రంథంలో అక్కడి దినచర్యను వివరంగా రాశారు. సూర్యుడితో పాటు లేచి, కుటుంబ ప్రార్థన చేసుకొని, ఆరు ఏడు గంటల మధ్య అల్పాహారం. తరువాత పదకొండు వరకు స్త్రీలకూ పురుషులకూ పిల్లలకూ బడి. అప్పుడు మేరీ ఇంటి పనుల్లోకి, ఆయన కొలిమి పని, వడ్రంగం, తోటపనిలోకి వెళ్లేవారు. భోజనం, ఒక గంట విశ్రాంతి అయ్యాక మేరీ చిన్న పిల్లల బడి నడిపేవారు. దానికి వంద మంది దాకా వచ్చేవారు. కొన్ని రోజులు ఆడపిల్లలకు కుట్టుపని. సాయంకాలం ఆయన ఊళ్లోకి వెళ్లి ప్రజలతో మాట్లాడేవారు. వారంలో మూడు రాత్రులు ఆరాధన కూటం.

ఇక ఇంటి పనులు. కొనుక్కుందామంటే దగ్గరలో అంగడి లేదు. పుట్టను తొలిచి పొయ్యిగా చేసి, రాతి పలకను తలుపుగా పెట్టి రొట్టె కాల్చేవారు. పాత పిండి ముద్దతో కొత్త పిండి కలిపి గంటో రెండు గంటలో ఎండలో ఉంచితే పొంగేది. వెన్న జాడీలో చిలికేవారు. కొవ్వొత్తులు అచ్చుల్లో పోసేవారు. సబ్బుకు కొవ్వు, బూడిద నీళ్లు కావాలి. మామూలు కట్టెల బూడిదలో క్షారం తక్కువ కాబట్టి, మళ్లీ మళ్లీ కొత్త బూడిద నీళ్లు పోస్తూ నెల, నెలన్నర కాచితేగాని సబ్బు తయారయ్యేది కాదు. ఇలా బతకడం పెద్ద కష్టమేమీ కాదన్నట్టుగానే లివింగ్‌స్టన్ రాశారు. ఆ నెలన్నర పొయ్యి దగ్గర ఎక్కువ సేపు నిలబడినవారు ఏం రాసి ఉండేవారో మనం ఊహించుకోవచ్చు.

కొలొబెంగ్‌లో వానలు పడలేదు. వరుసగా సంవత్సరాలు కరువు వచ్చి, నది ఎండిపోయింది. రాజు సెచెలే 1848లో బాప్తిస్మం తీసుకున్నారు. అందుకోసం ఒక్క భార్యను ఉంచుకొని, మిగిలినవారిని పుట్టిళ్లకు పంపారు. ఆ స్త్రీలు పొందిన బాధ లివింగ్‌స్టన్‌కూ తెలుసు. తరువాత సెచెలే తప్పిపోయి సంఘం నుంచి వెలివేయబడినా, వాక్యం వదలలేదు. మిషనరీ వెళ్లిపోయిన తరువాత తన ప్రజలకు తానే బోధించారు.

ఎవరు చెల్లించారు?

ఈ కథలో ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే. 1850లో భర్తతో పాటు కలహారి దాటి వచ్చిన కూతురు మేరీకి కొలొబెంగ్‌లో ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డ కొన్ని వారాలే బతికింది. ప్రసవం తరువాత మేరీ ముఖంలో ఒక వైపు పక్షవాతం వచ్చింది. మరుసటి సంవత్సరం ఆమె మళ్లీ గర్భవతిగా ఉండగానే లివింగ్‌స్టన్ రెండోసారి ఉత్తరానికి కుటుంబాన్ని తీసుకొని బయలుదేరారు. అది తెలిసి తల్లి మేరీ అల్లుడికి కటువైన ఉత్తరం రాశారు. ఒక పసిబిడ్డను పోగొట్టుకున్నది చాలదా, మిగిలిన పిల్లలు చావు అంచు నుంచి తిరిగి వచ్చినది చాలదా అనేది దాని సారం. ముప్పై ఏళ్లు మిషను ఇంట్లో నలిగిన స్త్రీ మాట అది. ఆమెకు త్యాగం కొత్త కాదు. త్యాగం పేరుతో భార్యాబిడ్డలను లెక్కలోకి తీసుకోకపోవడాన్ని మాత్రం ఆమె ఒప్పుకోలేదు. లివింగ్‌స్టన్ ఆ ఉత్తరాన్ని తన దినచర్య పుస్తకంలో రాసుకున్నారు, ప్రయాణం మాత్రం ఆపలేదు. ఆ బిడ్డ 1851 సెప్టెంబరులో దారిలోనే, ఒక నది ఒడ్డున పుట్టాడు.

1852 ఏప్రిల్‌లో కూతురు మేరీ నలుగురు పిల్లలతో బ్రిటన్ ఓడ ఎక్కారు. నాలుగున్నర సంవత్సరాలు తనకు సరిగా తెలియని దేశంలో, చాలీచాలని డబ్బుతో, ఇల్లు మారుతూ గడిపారు. ఆ కాలంలోనే ఆమె భర్త ఆఫ్రికాను ఒక తీరం నుంచి మరో తీరానికి దాటి, లోకమంతటా పేరు పొందారు. 1862లో జాంబెజీ నది దగ్గర ఆయనను తిరిగి కలుసుకున్న కొద్ది నెలలకే, ఏప్రిల్ 27న షుపాంగాలో జ్వరంతో ఆమె చనిపోయారు. వయసు 41 సంవత్సరాలు.

తల్లి మేరీ పదిమందిని కన్నారు. ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. ఒక కుమారుడు ఆరేళ్ల వయసులో, 1839లో కేప్‌టౌన్ దగ్గర ఓడలో తట్టుతో చనిపోయాడు. అదే ఓడలో కొద్ది రోజుల ముందే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. బతికిన పిల్లలను చదువు కోసం దూరపు బడులకు పంపి, సంవత్సరాల తరబడి ఉత్తరాల మీద పెంచారు. 1862లో కూతురు మేరీతో పాటు పెద్ద కుమారుణ్ణి కూడా పోగొట్టుకున్నారు. 1870లో ఆ వృద్ధ దంపతులు కురుమాన్ విడిచి ఇంగ్లండు వెళ్లారు. మరుసటి జనవరిలోనే ఆమె ప్రభువు నందు నిద్రించారు. ఇన్నేళ్లూ తన కోసం ప్రార్థించిన మనిషి లేకుండా పోయిందని రాబర్ట్ దుఃఖించారు.

బెసోరు వాగు దగ్గరి కట్టడ

1 సమూయేలు 30వ అధ్యాయంలో దావీదు ఒక కట్టడ చేశాడు. యుద్ధానికి వెళ్లినవారికీ, అలసిపోయి బెసోరు వాగు దగ్గర సామాను కాచినవారికీ కొల్లసొమ్ములో సమాన భాగం ఇవ్వాలన్నాడు. కొందరు దానికి ఒప్పుకోలేదు. వెళ్లినవారికే అంతా రావాలన్నారు. సంఘాల్లో ఆ వాదన నేటికీ నడుస్తున్నదని మాకనిపిస్తుంది. కూటంలో శాలువా సేవకుడికి కప్పుతాం. ఆయన భార్య వెనుక వరుసలో బిడ్డను ఎత్తుకొని కూర్చుంటుంది.

మన తెలుగు సంఘాలు నేడు మిషనరీలను పంపే సంఘాలు. మన్యం ఊళ్లకూ, ఉత్తరాది రాష్ట్రాలకూ మన కుటుంబాలు వెళ్లి కాపురముంటున్నాయి. ఒకప్పుడు మిషను కాంపౌండులోని దొరసానమ్మగారి ఓర్పు గురించి పెద్దలు చెప్పగా విన్నాం. ఇప్పుడు ఆ స్థానంలో మన ఆడపడుచులు ఉన్నారు. పిల్లలు తెలుగు చదవలేక, అక్కడి భాష పూర్తిగా రాక మధ్యలో ఉంటారు. కాన్పుకు ఆసుపత్రి దూరం. అమ్మ చనిపోయిన వార్త వచ్చినా బయలుదేరడానికి చేతిలో డబ్బు ఉండదు.

కాబట్టి సంఘ పెద్దలను, స్త్రీల సమాజాలను మేము కొన్ని సంగతులు అడుగుతున్నాం. మీరు బలపరచే సేవకుడి పిల్లల పేర్లు మీ సంఘంలో ఎంతమందికి తెలుసు? కానుక పంపేటప్పుడు బడి జీతం, వైద్య ఖర్చు, ఏడాదికి ఒకసారి ఇంటికి వచ్చి వెళ్లే ప్రయాణ ఖర్చు లెక్కలో ఉన్నాయా? ఆయనను మరింత దూరం పంపాలని కమిటీ నిర్ణయించేటప్పుడు ఆయన భార్యను పిలిచి అడిగారా? ఆమె వద్దంటే, లేక ఇప్పుడు కాదంటే, దానిని అవిశ్వాసమని కొట్టిపారేయకుండా వింటారా? అక్కడ వారికి నీళ్లు తెచ్చి, భాష నేర్పి, తోడుగా నిలిచిన స్థానిక విశ్వాసుల పేర్లు నివేదికలో రాయిస్తున్నారా?

తల్లి మేరీ అడిగిన పాత్రలను పంపిన స్నేహితురాలు ఆఫ్రికా ఎప్పుడూ చూడలేదు. ఏం కావాలని ఒక ఉత్తరంలో అడిగి, వచ్చిన జవాబును నమ్మి పంపింది. కురుమాన్‌లో మొదటి ప్రభువు బల్ల మీద ఆమె వంతు ఉంది. ఈ వారం మీ సంఘం పంపిన కుటుంబంలోని తల్లికి ఫోను చేసి, ఏం కావాలమ్మా అని అడగండి. ఆమె చెప్పినది చిన్నదిగా కనిపించినా, అదే పంపండి.